ఒకే తాఖీదు – అనేక సెక్షన్లు: అడ్రినలిన్, మన మాత్రలు

(డిసెంబరు 17 పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్ల మనకీ రోజు పండుగయింది. పెన్షన్ ప్రభుత్వం దయతలచి వేసే భిక్ష కాదని, ఉద్యోగి హక్కు అని ఆ తీర్పు చెప్పింది. ఏటా ఈ సభలో కరువు భత్యం బకాయిలు, మెడికల్ రీయింబర్స్‌మెంట్ బిల్లుల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శిగారు నన్ను పిలిచి, "ఆ పెన్షన్‌ను నాలుగు కాలాలపాటు అందుకోవాలంటే మనం మింగే మాత్రలు ఒంట్లో ఏం చేస్తున్నాయో కూడా తెలియాలి కదండీ, దాని మీద ఓ అరగంట చెప్పండి" అన్నారు.

నేను డాక్టరును కాను. ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమస్తాగా ఫైళ్ళు చదివినవాణ్ణి. అర్థం కాని ఫైలు వస్తే మొదటి కాగితం నుంచి చదవడం నాకు అలవాటు. ఆ అలవాటుతోనే మాత్రల అట్టల మీది పేర్లు రాసుకుని, డాక్టర్లను అడిగి, పుస్తకాలు చూసి తెలుసుకున్న నాలుగు సంగతులు మీ ముందుంచుతాను. ఎవరి మందూ మార్చమనడానికీ, మానమనడానికీ నాకు అధికారం లేదు. ఆ సంతకం డాక్టరుగారిదే.

ముందుగా ఒక ప్రశ్న. మనలో బి.పి.కో గుండెకో అటెనొలాల్, మెటొప్రొలాల్ వంటి మాత్ర వేసుకునేవారెందరు? ప్రోస్టేటు గ్రంథి కోసం టామ్సులోసిన్ వేసుకునేవారెందరు? ఆయాసానికి సాల్బుటమాల్ పీల్చేవారెందరు? నీటికాసులకు టిమొలాల్ చుక్కలు వేసుకునేవారెందరు? చేతులెత్తమంటే సగం సభ చేతులెత్తుతుంది. గుండెకు ఒక డాక్టరు, కంటికి ఒకరు, మూత్రానికి ఇంకొకరు, ఊపిరితిత్తులకు వేరొకరు. మందులు రాసిన చేతులు వేరైనా, ఈ మందులన్నీ శరీరంలో ఒకే వ్యవస్థ మీద పనిచేస్తాయి. అదే అడ్రినలిన్ వ్యవస్థ.

తాఖీదు ఎక్కణ్ణుంచి వస్తుంది?

మన రెండు మూత్రపిండాల మీద టోపీలు పెట్టినట్టు రెండు చిన్న గ్రంథులున్నాయి. వాటిని అడ్రినల్ గ్రంథులంటారు. భయం, కోపం, గాయం, హఠాత్తుగా పరుగెత్తవలసి రావడం వంటి సందర్భాల్లో ఇవి అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. దీనికి తోబుట్టువు వంటి నార్‌అడ్రినలిన్ ముఖ్యంగా నరాల చివర్ల నుంచి విడుదలవుతుంది. ఈ గ్రంథుల సారం రక్తపోటును పెంచుతుందని 1890లలో ఇంగ్లండులో ఆలివర్, షేఫర్ అనేవారు గమనించారు. దాన్ని శుద్ధమైన స్ఫటికాలుగా తీసిన ఘనత జపాను శాస్త్రవేత్త జోకిచి టకమినేది. 1901లో ఆయన ఆ సంగతి లోకానికి తెలియజేశారు.

ఈ అడ్రినలిన్‌ను ముఖ్య కార్యాలయం నుంచి వచ్చే తాఖీదు అనుకోండి. అన్ని సెక్షన్లకూ ఒకే నకలు వెళుతుంది. దాన్ని చదివి గుండె వేగం పెంచుతుంది. ఊపిరితిత్తుల గొట్టాలు వెడల్పవుతాయి. చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుంటాయి. కనుపాప పెద్దదవుతుంది. కాలేయం దాచిన చక్కెరను రక్తంలోకి పంపుతుంది. మూత్రాశయం ద్వారం బిగుసుకుంటుంది. పులి ఎదురైనప్పుడు పారిపోవడానికి కావలసిన ఏర్పాట్లన్నీ ఇందులో ఉన్నాయి.

ఒకే తాఖీదుకు ఒక సెక్షన్ బిగుసుకోవడమేమిటి, ఇంకో సెక్షన్ వదులవడమేమిటి? శాస్త్రవేత్తలను చాలాకాలం తికమకపెట్టిన ప్రశ్న ఇదే. అమెరికాలో జార్జియా రాష్ట్రంలో పనిచేసిన రేమండ్ ఆల్క్విస్ట్ దీనికి జవాబు చెప్పారు. తేడా తాఖీదులో లేదు, దాన్ని అందుకునే గుమస్తాలలో ఉంది అన్నారాయన. ఆ గుమస్తాలనే శాస్త్రంలో గ్రాహకాలంటారు, డాక్టర్లు రిసెప్టార్లంటారు. వాటిలో ఆల్ఫా ఒక రకం, బీటా ఒక రకం అని ఆయన రాసిన వ్యాసాన్ని మొదట ఒక పత్రిక తిప్పి పంపింది. మరో పత్రికలో 1948లో అచ్చయ్యాక కూడా చాలా ఏళ్ళు దాన్ని పట్టించుకున్నవారు తక్కువే. ఫైలు మంచిదైనా బల్ల మీద పడి ఉండడం మన ఆఫీసులకే పరిమితం కాదన్నమాట.

తర్వాత ఈ రెండు రకాల్లో ఉపవిభాగాలు బయటపడ్డాయి. మన అవసరం మేరకు ఇలా గుర్తుంచుకుంటే చాలు.

ఆల్ఫా-1: రక్తనాళాలను బిగిస్తుంది. కనుపాపను పెద్దది చేస్తుంది. ప్రోస్టేటు గ్రంథి, మూత్రాశయం మెడ దగ్గరి కండరాన్ని బిగిస్తుంది.

ఆల్ఫా-2: ఎక్కువగా నరాల చివర్లలోనూ మెదడులోనూ ఉండి, "ఇక చాలు, ఇంకా పంపవద్దు" అని తాఖీదుల పంపిణీకి పగ్గం వేస్తుంది.

బీటా-1: ముఖ్యంగా గుండెలో ఉంటుంది. వేగాన్నీ బలాన్నీ పెంచుతుంది.

బీటా-2: ఊపిరి గొట్టాలను వదులు చేస్తుంది. చేతులు వణకడానికీ, కాలేయం చక్కెరను వదలడానికీ కారణం.

బీటా-3: మూత్రాశయం గోడను వదులు చేసి, ఎక్కువ మూత్రం పట్టేటట్టు చేస్తుంది.

ఇక మందులు రెండు తీరులు. కొన్ని తామే తాఖీదులా నటించి గుమస్తా చేత పని చేయిస్తాయి. సాల్బుటమాల్ అటువంటిది. మరికొన్ని ఆ కుర్చీలో తాము కూర్చుని, అసలు తాఖీదు వచ్చినా అందుకునేవాడు లేకుండా చేస్తాయి. వీటినే బ్లాకర్లంటారు.

కుర్చీ ఆక్రమించే మాత్ర

ఈ ఆలోచనతో మొదటి గొప్ప మందు తెచ్చినవారు స్కాట్లండుకు చెందిన జేమ్స్ బ్లాక్. గుండె నొప్పికి అప్పటిదాకా గుండెకు రక్తం ఎక్కువ పంపడమెలా అనే ఆలోచించేవారు. ఆయన ఎదురు ప్రశ్న వేశారు: గుండె చేసే చాకిరీనే తగ్గిస్తే సరిపోదా? బీటా కుర్చీలను ఆక్రమించే ప్రొప్రనొలాల్ 1960ల మధ్యలో వాడకంలోకి వచ్చింది. 1988లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. ఈ గ్రాహకాలు నిజంగా ఎలా ఉంటాయో, ఎలా పనిచేస్తాయో తేల్చిన లెఫ్కొవిట్జ్, కొబిల్కా అనే అమెరికన్ శాస్త్రవేత్తలకు 2012లో రసాయనశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు.

మన దేశానికీ ఈ చరిత్రలో వాటా ఉంది. సర్పగంధి వేరును మన వైద్యులు తరతరాలుగా వాడుతున్నారు. అది రక్తపోటును తగ్గిస్తుందని బొంబాయికి చెందిన డాక్టర్ రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ పత్రికలో వ్యాసం రాసి ప్రపంచానికి చాటారు. 1952లో దాని నుంచి రిసర్పిన్ అనే పదార్థాన్ని స్విట్జర్లండులో వేరుచేశారు. అది కుర్చీల జోలికి పోదు. నరాల చివర నిల్వ ఉన్న తాఖీదుల బీరువానే ఖాళీ చేస్తుంది. మన తండ్రుల తరంలో బి.పి.కి వేసుకున్న అడెల్ఫేన్ మాత్ర చాలామందికి గుర్తుండే ఉంటుంది. అందులో ఉన్నది ఈ రిసర్పినే. కొందరికి దానివల్ల మనసు కుంగిపోయేది. బీరువా ఖాళీ చేస్తే మెదడులోని బీరువా కూడా ఖాళీ అవుతుంది మరి.

తేలు కుట్టినప్పుడు

తాఖీదులు వరదలా వస్తే ఏమవుతుందో ఎర్రతేలు కుట్టినవారిలో చూడవచ్చు. మహారాష్ట్ర, ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, కర్ణాటక పల్లెల్లో ఈ తేలు ఉంది. దాని విషం నరాలను ఆగకుండా మీటుతుంది. రక్తంలో అడ్రినలిన్, నార్‌అడ్రినలిన్ పొంగిపొర్లుతాయి. రక్తనాళాలు బిగుసుకుంటాయి, చెమటలు కారతాయి, కాళ్ళూ చేతులూ చల్లబడతాయి. గుండె ఆ భారం లాగలేక చివరికి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఎందరో పసిపిల్లలు అలా చనిపోయేవారు.

మహారాష్ట్రలోని మహాడ్ ప్రాంతంలో గ్రామీణ వైద్యుడైన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ ఈ రోగుల మంచాల పక్కన కూర్చుని లక్షణాలన్నీ రాసుకున్నారు. బిగుసుకున్నది ఆల్ఫా-1 వల్ల కాబట్టి ఆ కుర్చీలో ప్రజోసిన్‌ను కూర్చోబెడితే సరి అని తలచారు. అది బి.పి.కి వాడే చవకైన మాత్ర. ఆయన, ఆయన భార్య డాక్టర్ ప్రమోదినీ బావస్కర్ ఆ ఫలితాలను 1986లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. ప్రజోసిన్ వచ్చాక తేలుకాటు మరణాలు బాగా తగ్గాయి. 2022లో ప్రభుత్వం డాక్టర్ బావస్కర్‌ను పద్మశ్రీతో గౌరవించింది. మనవలతో ఊరికి వెళ్ళినప్పుడు ఎవరినైనా తేలు కుడితే మంత్రాలతో కాలయాపన చేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. ఒళ్ళు చెమటలు పట్టినా, వాంతులైనా, చేతులు చల్లబడినా అసలు ఆలస్యం పనికిరాదు.

ఒక సెక్షన్‌కు పంపితే ఇంకో సెక్షన్‌కు చేరుతుంది

ఇక మన సొంత మందుల డబ్బా దగ్గరికి వద్దాం. నేను ముఖ్యంగా చెప్పదలచినది ఇక్కడే ఉంది. మింగిన మాత్ర రక్తంలో కలిశాక దానికి చిరునామా ఉండదు. గుండె కోసం వేసుకున్నది ఊపిరితిత్తులకూ వెళుతుంది. ప్రోస్టేటు కోసం వేసుకున్నది కంటికీ వెళుతుంది. కంటిలో వేసిన చుక్క ముక్కులోకి జారి, అక్కడి నుంచి రక్తంలోకి పోయి గుండెను తాకుతుంది.

మన మిత్రులొకరి సంగతి చెబుతాను. ఆయనకు పాత ఉబ్బసం. నీటికాసులని కంటి డాక్టరు టిమొలాల్ చుక్కలిచ్చారు. వారం తిరగకుండా రాత్రుళ్ళు ఆయాసం ఎక్కువైంది. ఊపిరితిత్తుల డాక్టరు పీల్చే మందు మోతాదు పెంచారు. అయినా తగ్గలేదు. రెండోసారి వెళ్ళినప్పుడు మనవరాలు ఇంట్లో ఉన్న మందులన్నీ సంచీలో వేసుకుని వెళ్ళింది. చుక్కల సీసా చూడగానే డాక్టరుగారికి కారణం దొరికింది. టిమొలాల్ బీటా-1, బీటా-2 రెండు కుర్చీలనూ ఆక్రమిస్తుంది. ఊపిరి గొట్టాలను వదులు చేసే కుర్చీ నిండిపోతే, పీల్చే మందు కూర్చునేదెక్కడ? చుక్కలు మార్చాక ఆయన కుదుటపడ్డారు. ఇద్దరు డాక్టర్లూ తమ తమ ఫైలు సరిగానే చూశారు. రెండు ఫైళ్ళూ కలిపి చూసినవారే అప్పటిదాకా లేరు. ఉబ్బసం ఉన్నవారిలో ఈ చుక్కల వల్ల ప్రాణాలు పోయిన సందర్భాలు కూడా వైద్య పత్రికల్లో ఉన్నాయి కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

అందుచేత ఈ కింది సంగతులు దయచేసి గుర్తుంచుకోండి.

ఒకటి. బీటా బ్లాకర్‌ను హఠాత్తుగా మానకూడదు. పెళ్ళికి వెళ్ళి మాత్రలు మరచిపోవడం, వెల్‌నెస్ సెంటర్‌లో స్టాకు లేదని పది రోజులు ఊరుకోవడం మనలో మామూలే. ఏళ్ళ తరబడి కుర్చీలు ఆక్రమించుకుని ఉంటే శరీరం అదనపు కుర్చీలు వేసుకుంటుంది. మాత్ర ఒక్కసారిగా ఆగితే తాఖీదు అన్ని కుర్చీలకూ చేరి గుండె పరుగులు పెడుతుంది. గుండె నొప్పి, ఒక్కోసారి గుండెపోటు రావచ్చు. గుండెపోటు వచ్చి కోలుకున్నాక గుండె బలం బాగానే ఉన్నవారికి ఈ మాత్ర చిరకాలం కావాలా అని 2024, 2025లలో వెలువడిన పరిశోధనలు చర్చ లేవదీశాయి. పేపర్లో అది చదివి మాత్ర పక్కన పెట్టకండి. మానవలసి వస్తే డాక్టరుగారు మెల్లమెల్లగా తగ్గిస్తారు. క్లోనిడిన్ అనే ఆల్ఫా-2 మాత్రకు కూడా ఇదే నియమం. దాన్ని ఠక్కున మానితే బి.పి. ఎగబాకుతుంది.

రెండు. షుగరు ఉన్నవారు బీటా బ్లాకర్ వేసుకుంటుంటే, షుగరు పడిపోయినప్పుడు రావలసిన గుండెదడ, వణుకు కనిపించకపోవచ్చు. అవి అడ్రినలిన్ ఇచ్చే హెచ్చరికలు. చెమట మాత్రం పడుతుంది. కారణం లేకుండా చెమటలు పట్టాయంటే షుగరు చూసుకోండి. ఇంట్లోవాళ్ళకు కూడా ఈ సంగతి చెప్పి ఉంచండి.

మూడు. ప్రజోసిన్, టామ్సులోసిన్ వంటి ఆల్ఫా బ్లాకర్లు రక్తనాళాలను కూడా వదులు చేస్తాయి. రాత్రి మూత్రానికని మంచం మీద నుంచి చటుక్కున లేస్తే కళ్ళు తిరిగి పడిపోవచ్చు. మొదలుపెట్టిన కొత్తలో, మోతాదు పెంచినప్పుడు ఇది ఎక్కువ. మన వయసులో తుంటి ఎముక విరిగితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. ముందు లేచి మంచం అంచున కాసేపు కూర్చోండి, తర్వాత ఏదైనా పట్టుకుని నిలబడండి, ఆపైన నడవండి.

నాలుగు. శుక్లం ఆపరేషనుకు వెళ్ళేముందు టామ్సులోసిన్ సంగతి కంటి డాక్టరుకు చెప్పి తీరాలి. ఈ మందు కనుపాప చుట్టూ ఉండే రంగు పొర కండరాన్ని మెత్తబరుస్తుంది. ఆపరేషను మధ్యలో ఆ పొర అలల్లా ఊగి, కనుపాప ముడుచుకుపోతుందని 2005లో అమెరికా వైద్యులు గుర్తించారు. ఎప్పుడో మానేసినవారిలో కూడా ఇలా జరగవచ్చు. ముందే తెలిస్తే సర్జనుగారు తగిన ఏర్పాట్లతో సిద్ధంగా ఉంటారు. నేను నా ఆపరేషనుకు ముందు చీటీ చూపించి ఈ మాట చెబితే, "చెప్పి మంచిపని చేశారు" అని కేసు షీటు మీద ఎర్ర సిరాతో రాసుకున్నారు.

అయిదు. గుండెకు మెటొప్రొలాల్, కంటికి టిమొలాల్ రెండూ వాడేవారు నాడి చూసుకుంటూ ఉండాలి. రెండు మందులూ ఒకే కుర్చీ కోసం వచ్చినవే. నాడి మరీ నెమ్మదిగా ఉన్నా, కళ్ళు బైర్లు కమ్మినా డాక్టరుకు చెప్పండి. చుక్క వేసుకున్నాక కన్ను మూసి, ముక్కు పక్కన కంటి మూలను ఒకటి రెండు నిమిషాలు వేలితో నొక్కి పట్టుకుంటే మందు రక్తంలోకి పోవడం తగ్గుతుంది.

ఆరు. జలుబు మాత్రలు. మందుల షాపులో అడగ్గానే ఇచ్చే వీటిలో చాలావాటిలో ఆల్ఫా-1 చేత పని చేయించే ఫినైలెఫ్రిన్ ఉంటుంది. పూర్వం ఉండే ఫినైల్‌ప్రొపనోలమిన్ వల్ల మెదడులో రక్తస్రావం ప్రమాదం ఉందని 2000లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దాన్ని అమ్మకం నుంచి తీసేయమని కోరింది. ఇక ఫినైలెఫ్రిన్ మాత్రగా మింగితే ముక్కు దిబ్బడకు పనిచేయదని 2023లో ఆ సంస్థ సలహా సంఘం ఏకగ్రీవంగా చెప్పింది. బి.పి. ఉన్నవారికీ, ప్రోస్టేటు పెరిగినవారికీ జలుబు మాత్రలు చేటు చేయవచ్చు. కొందరికి మూత్రం పూర్తిగా బిగుసుకుపోయి రాత్రికి రాత్రి ఆసుపత్రికి పరుగెత్తవలసి వస్తుంది. ముక్కులో వేసుకునే ఆక్సిమెటజొలిన్ వంటి చుక్కలు పనిచేస్తాయి గాని, మూడు నాలుగు రోజులు మించితే దిబ్బడ తిరిగి ఎక్కువవుతుంది.

ఏడు. సాల్బుటమాల్ పీల్చాక చెయ్యి వణికినా, గుండె దడదడలాడినా కంగారుపడకండి. బీటా-2 కుర్చీలు కండరాల్లోనూ ఉన్నాయి, కొంత మందు గుండెనూ తాకుతుంది. కానీ రోజుకు ఎన్నిసార్లు పీలుస్తున్నారో లెక్కపెట్టుకోండి. ఆ లెక్క పెరుగుతుంటే ఉబ్బసం అదుపు తప్పిందని అర్థం.

ఎనిమిది. మందు పడకో, కందిరీగ కుట్టో ఒళ్ళంతా దద్దుర్లు లేచి, గొంతు వాచి, ఊపిరాడక, బి.పి. పడిపోతే అడ్రినలిన్ ఇంజెక్షనే ప్రాణదాత. తొడ కండరంలో ఇచ్చే ఆ ఒక్క ఇంజెక్షను ఆల్ఫా కుర్చీల ద్వారా బి.పి. నిలబెడుతుంది, బీటా కుర్చీల ద్వారా ఊపిరి గొట్టాలు తెరుస్తుంది. బీటా బ్లాకర్ వాడేవారిలో అది సరిగా పనిచేయకపోవచ్చు కాబట్టి ఆ సంగతి అక్కడి డాక్టరుకు ముందే తెలియాలి. పళ్ళ డాక్టరు ఇచ్చే మత్తు ఇంజెక్షనులో కూడా తరచు కొద్దిగా అడ్రినలిన్ కలుపుతారు. కుర్చీలో కూర్చోగానే మీ గుండె మందుల పేర్లు ఆయనకూ చెప్పండి.

మన ఒంటికి సర్వీసు రిజిస్టరు

ఇన్ని పేర్లు ఎవరు గుర్తుపెట్టుకుంటారని మీరనవచ్చు. అక్కరలేదు. మన ఉద్యోగం ఎప్పుడు మొదలైంది, ఇంక్రిమెంటు ఎప్పుడు పడింది, సెలవు ఎన్ని రోజులు పెట్టాం అన్నీ సర్వీసు రిజిస్టరులో ఉండేవి. ఏ ఆఫీసుకు బదిలీ అయినా అది మన వెంట వచ్చేది. అది లేకుంటే పెన్షనే మంజూరు కాదు. అలాంటిదే ఒక కాగితం మన ఒంటికీ కావాలి.

ఒక తెల్లకాగితం మీద మీ పేరు, వయసు, జబ్బులు, పడని మందులు రాయండి. కింద ప్రతి మందు పేరు, మోతాదు, వేళ, ఎందుకోసమో, ఏ డాక్టరు రాశారో, ఎప్పటి నుంచో రాయండి. కంటి చుక్కలు, పీల్చే మందులు, ఆయుర్వేదం మందులు, షాపులో కొన్న జలుబు మాత్రలు కూడా అందులో చేరాలి. చాలామంది ఇవి మందులు కావనుకుని వదిలేస్తారు. రెండు నకళ్ళు తీసి ఒకటి జేబులో, ఒకటి ఇంట్లో అందరికీ తెలిసిన చోట పెట్టండి. భార్యకో, భర్తకో, కోడలికో, మనవడికో చూపించండి. మనం మాట్లాడలేని స్థితిలో ఆ కాగితమే మన తరఫున మాట్లాడుతుంది. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే రోజున ఆ కాగితాన్ని కొత్తగా రాయండి. మధ్యలో మందు మారితే అప్పుడే దిద్దండి.

ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా, ఆయన అడిగినా అడగకపోయినా, ఆ కాగితం బల్ల మీద పెట్టండి. అన్ని సెక్షన్ల ఫైళ్ళనూ కలిపి చూడగలిగే అవకాశం ఆయనకు అప్పుడే కలుగుతుంది. ఆ కలిపే పని మనం తప్ప వేరెవరూ చేయరు. జీవితమంతా ఇతరుల కాగితాలు సక్రమంగా ఉంచినవాళ్ళం మనం. ఈ ఒక్క కాగితం మన కోసం ఉంచుకుందాం.

సంఘం తరఫున అటువంటి నమూనా కాగితాన్ని అచ్చు వేయించి సభ్యులందరికీ పంచవలసిందిగా కార్యవర్గాన్ని కోరుతున్నాను.